అత్తగారి పెద్ద లెన్సు

ఇనుము కోసే లేతు మిషన్ నడిపే పిల్ల కోడలిగా వస్తోందని తెలిసినప్పుడు మా ఆయన వైపు చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారట. అత్తగారు మాత్రం స్టూడియో వెనక, తెరలూ విరిగిన కుర్చీలూ పడేసుకునే గదిని ఖాళీ చేయించి, "మిషన్ బరువెంతో కనుక్కోరా, నేల ఆగుతుందో లేదో చూడాలి" అన్నారట. పెళ్ళిమాటల్లో కోడలి గురించి ఆవిడ అడిగిన ప్రశ్న అదొక్కటే. మా ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏడ్చాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని అత్తారింట్లో మానెయ్యాల్సి వస్తుందన్న బెంగతో అప్పటికి నాకు అన్నం కూడా సయించడం లేదు.

అలా ఆవిడ స్టూడియో, నా లేతు ఒకే గోడకి అటూ ఇటూ కాపురం పెట్టాయి. ఇటు నేను నీళ్ళ పంపులకి బుష్షులూ షాఫ్టులూ చేసేదాన్ని. అటు ఆవిడ ముఖాలు తీసేవారు. ఫోటో తీసే ముందు గోడ మీద చేత్తో కొట్టేవారు, నేను మిషన్ ఆపేదాన్ని. నేల అదిరితే ముఖం చెదిరిపోతుంది కదా. ఎంత తొందర పనిలో ఉన్నా నేను ఆపకపోవడం లేదు, నా మిషన్ రొదకి ఆవిడ విసుక్కోవడమూ లేదు. విసుక్కోవడానికి ఆవిడకి వేరే జనం ఉన్నారు.

ఫోటోకి కూర్చున్నవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, ఆవిడ నోటికి బలి కావలసిందే. "గడ్డం దించు. ఇంకొంచెం. అంత కాదు, నేల మీదేమైనా పారేసుకున్నావా?" అని పెద్ద పెద్ద ఆఫీసర్లని కూడా అదిలించేవారు. మొహం మాడ్చుకుని వెళ్ళినవాళ్ళు ఫోటో చేతికొచ్చాక వెనక్కొచ్చి ఆవిడ చేతులు పట్టుకునేవారు. అందరూ ఆవిడని స్టూడియోమ్మ అనేవారు. అసలు పేరు పోస్టు ఇచ్చే ఆయనకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఆవిడది మనిషి ఎత్తున చక్రాల స్టాండు మీద నిలబడే పెద్ద చెక్క కెమెరా. ముందు లెన్సు, వెనక గాజు పలక, మధ్యలో మడతలు మడతలుగా సాగే నల్లతోలు సంచి. నల్లగుడ్డ కింద తల దూర్చి, గాజు పలక మీద బొమ్మ చూస్తూ మడతల సంచిని ముందుకీ వెనక్కీ జరపాలి. బొమ్మ తేటపడ్డాక బయటికొచ్చి, ముందుకెళ్ళి లెన్సు మూసి, వెనక్కొచ్చి ఫిల్ము పలక పెట్టి, మళ్ళీ ముందుకెళ్ళాలి. ఒక్క ఫోటో తీసేసరికి ఆవిడ కెమెరా చుట్టూ గానుగెద్దులా తిరిగేవారు. "ఆ తిరుగుడే నాకు వ్యాయామం, మీరంతా పొద్దున్నే రోడ్ల మీద పరుగెత్తేది ఎందుకో నాకర్థం కాదు" అనేవారు.

పోయినేడు వానాకాలంలో డార్క్‌రూమ్‌లో ప్రింట్లు కడుగుతూ తడి నేల మీద జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని ఇంట్లో నడిచేదాకా వచ్చారు గానీ, ఎక్కువసేపు నిలబడకూడదు, వంగకూడదు అని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. మా ఆయనది రైలు నడిపే ఉద్యోగం, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఆవిడని మంచం మీద నుంచి లేపడం, కూర్చోబెట్టడం, స్నానం అన్నీ నేనే చూసుకునేదాన్ని. నాకది బరువనిపించలేదు. నా మిషన్ బరువు అడిగిన మనిషి ఆవిడ.

కాస్త కోలుకోగానే ఒకరోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా స్టూడియోలోకి వెళ్ళారు. స్టాండు చప్పుడు విని నేను మిషన్ ఆపేశాను. గోడ మీద దెబ్బ పడుతుందని చూస్తున్నాను. ఎంతకీ పడలేదు. వెళ్ళి చూస్తే నల్లగుడ్డ కింద అలాగే వంగిపోయి, కెమెరాని రెండు చేతులతో పట్టుకుని, పైకి లేవలేక నిలబడి ఉన్నారు. పిలవలేదు. అంత అభిమానం. పొదివి పట్టుకుని కుర్చీలో కూర్చోబెడితే, "ఆ గుడ్డ మడతపెట్టి లోపల పెట్టెయ్ అమ్మాయ్" అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ స్టూడియో గడప తొక్కలేదు. అదైనా తట్టుకున్నాను. కానీ ఆవిడ తిట్టడం మానేశారు. కూరలో ఉప్పెక్కువైనా ఏమీ అనలేదు. మా ఆయన బురద కాళ్ళతో ఇల్లంతా తిరిగినా ఏమీ అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"ఆ కెమెరా ఎవరికైనా ఇచ్చేద్దామోయ్" అన్నాడు మా ఆయన ఒక సెలవు రోజున, గొంతు తగ్గించి. "దాన్ని చూసినప్పుడల్లా అమ్మ లోపల్లోపల కుమిలిపోతోంది. ఆ పలకల ఫిల్ము కూడా ఇప్పుడు దొరకట్లేదు."

"మీ అమ్మగారు కాళ్ళతో తీశారా ఇన్నేళ్ళూ ఫోటోలు? ఒక కాలు పాడైతే కెమెరా ఇచ్చేస్తారా?" అని నేను ఇంతెత్తున లేచాను.

"మరేం చేద్దామంటావు?"

ఏం చెయ్యాలో నాకూ తెలియదు. తెలియనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. విసవిసా వెళ్ళి బీరువాలు సర్దడం మొదలుపెట్టాను. పై అరలో మామగారి కెమెరా దొరికింది.

మామగారు పోయి చాలా కాలమైంది. ఆయన బయట గుంపుల ఫోటోలు తీసేవారు. ఆ కెమెరా చిన్న టిఫిన్ డబ్బాలా చేతిలో ఇమిడిపోతుంది, రోల్ ఫిల్ముతో పనిచేస్తుంది, ఆ ఫిల్ము ఇప్పటికీ దొరుకుతుంది. అన్నిటికంటే నా కంట్లో పడింది దాని పైమూత. మూత తెరిస్తే లోపల చిన్న గాజు తెర ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన బొమ్మ లోపలి అద్దానికి తగిలి ఆ తెర మీద పడుతుంది. పైనుంచి చూస్తూ తీసుకోవచ్చు. అంటే కుర్చీలో కూర్చుని, కెమెరాని పొట్టి స్టాండు మీద ఎదురుగా పెట్టుకుంటే, లేవనక్కర్లేదు, గుడ్డ కింద దూరనక్కర్లేదు, చెయ్యి చాపితే లెన్సు కూడా అందుతుంది.

ఎగిరి గంతేసినంత పని చేసి అత్తగారికి చూపించాను. ఆవిడ దానివైపు ఓరగా చూశారు. మామగారి కెమెరాని ఆవిడ ఏనాడూ ముట్టుకోలేదని నాకప్పుడే తెలిసింది.

"దాని లెన్సుకి ముక్కులంటే ఇష్టం" అన్నారు. "దగ్గర్నుంచి ఎవర్ని తీసినా ముందు ముక్కు వస్తుంది, ఆ వెనకాల మెల్లిగా మనిషి వస్తాడు. మీ మామగారు నన్ను దాంతో ఒకసారి తీశారు. వారం మాట్లాడలేదు నేను."

"పోనీ, మీ లెన్సే దీనికి పెడితే?"

ఆవిడ నావైపు తిరిగారు. చాలా రోజుల తర్వాత ఆ కళ్ళలో కాస్త కదలిక కనిపించింది. "అదెలా కుదురుతుంది? నా లెన్సు దానికన్నా పెద్దది. దానికో మడతల సంచి కావాలి."

"సంచి బదులు గొట్టం చేస్తాను. అది నా పని."

"గీత పడిందా, నిన్నూ నీ మిషన్నీ కలిపి రోడ్డు మీద పెడతాను" అన్నారు. తిట్టు తిట్టే కదా, నాకు కడుపు నిండింది.

పని చెప్పుకోవడానికి తేలిక. లెన్సు ఫిల్ముకి ఎంత దూరంలో ఉండాలో, అంత దూరంలో దాన్ని నిలబెట్టాలి. మామగారి లెన్సు అయితే కెమెరాకి దాదాపు ఆనుకుని ఉంటుంది. అత్తగారి లెన్సుకి దూరం కావాలి, మధ్యలో గొట్టం లేకపోతే బొమ్మే నిలవదు. పెద్ద కెమెరాని వీధి చివరి ఇంటి కిటికీ మీదకి తిప్పి, బొమ్మ తేటపడ్డాక గాజు పలక నుంచి లెన్సు బిగించిన ముందు పలక దాకా కొలిచాను. అందులోంచి చిన్న కెమెరా లోతు తీసేశాను. మిగిలింది నా గొట్టం పొడుగు. కెమెరాకి అతుక్కునే కొస కోసం మామగారి సామాన్లలో ఉన్న పాత రింగు ఒకటి దొరికింది. చిన్న వస్తువుల్ని దగ్గర్నుంచి తీయడానికి ఆయన దాన్ని కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టుకునేవారట. దాని వెనక పళ్ళు కెమెరాలో టక్కున కూర్చుంటాయి. దాన్నే గొట్టానికి బిగించాను.

దగ్గరా దూరమూ సరిచేసుకోవడానికి మొదట మరలు కోశాను. బొమ్మ తేటపడాలంటే గొట్టాన్ని తిప్పీ తిప్పీ చెయ్యి పడిపోయేలా ఉంది, పైగా లెన్సు కూడా దాంతో పాటే గిరగిరా తిరుగుతోంది. అది పక్కన పడేసి, ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారేలా చేసి, ఏటవాలుగా కోసిన గాడిలో ఒక మేకు నడిచేలా పెట్టాను. పైన వేలితో కొంచెం నెడితే చాలు, లెన్సు నెయ్యి రాసినట్టు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. వెలుగు దూరకుండా గాడి మీద ఇంకో తొడుగు వేశాను. లెన్సులో ఉన్న సొంత షట్టరుని తెరిచి ఉంచేసి, పనంతా కెమెరా షట్టరుకే అప్పగించాను. ఆఖరున గొట్టం లోపలా బయటా అద్దంలా మెరుగుపెట్టాను. అలాంటి గొట్టం మా నాన్న చూస్తే భుజం తట్టేవాడు.

మొదటి రోల్‌కి ఎదురు షాపు దర్జీ వచ్చి కూర్చున్నాడు. ఆయన నోరు కుట్టుమిషన్ కన్నా వేగం. అత్తగారిని చక్రాల కుర్చీలో స్టూడియోలోకి తీసుకొచ్చాం.  కెమెరా మీదకి కాస్త ముందుకి ఒరిగి, తెరలోకి చూసి, లెన్సు జరిపి, ఒకదాని తర్వాత ఒకటి తీశారు. దర్జీని ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ప్రింట్లు వచ్చాయి. అన్నిటి మీదా పాలు ఒలకబోసినట్టు తెల్లటి మసక. దర్జీ నల్ల కోటు బూడిదరంగులో ఉంది.

"దానికి ఇష్టం లేదమ్మా" అన్నారు అత్తగారు లెన్సుని చూస్తూ. "ఎన్నేళ్ళో ఒక చోట ఉన్నది. ఇంకో చోట ఎందుకుంటుంది?"

లెన్సు గురించి అంటున్నారో తన గురించి అంటున్నారో నేను అడగలేదు. కెమెరా తీసుకెళ్ళి వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండే చోట కన్ను పెట్టి కిటికీ వైపు చూశాను. గొట్టం లోపలి గోడంతా ట్యూబ్‌లైటులా వెలిగిపోతోంది. నెత్తి కొట్టుకున్నాను. ఆ లెన్సు పెద్ద కెమెరాది. అది వేసే బొమ్మ అరచెయ్యంత, ఈ కెమెరా పట్టుకునేది అందులో నడిమధ్య ముక్క మాత్రమే. మిగిలిన వెలుగంతా ఎక్కడికి పోతుంది? నేను అద్దంలా మెరుగుపెట్టిన గోడకి తగిలి, తిరిగి ఫిల్ము మీదే పడుతోంది. నా పనితనమే నా కొంప ముంచింది.

వస్తువుని నునుపు చెయ్యడమే నా వృత్తి. అంత బాగా వచ్చినదాన్ని చేతులారా గరుకు చెయ్యాలంటే ప్రాణం ఒప్పలేదు. పళ్ళు బిగబట్టి గొట్టం లోపలంతా రంపపు పళ్ళలా గాడులు కోశాను. స్కూళ్ళలో నల్లబల్లకి వేసే రంగు తెచ్చి పూశాను. మళ్ళీ కన్ను పెట్టి చూస్తే గోడ కనబడలేదు, లెన్సు ఒక్కటే గుండ్రంగా కనబడింది.

రెండో రోల్ కూడా దర్జీదే. ఈసారి ప్రింట్లు చూసి నేను కేక పెట్టాను. కోటు నల్లగా, మెడ దగ్గర మడతలు మెత్తగా, కళ్ళలో కిటికీ వెలుగు చుక్కలా ఉంది. ఆ లెన్సు ముఖాన్ని మెత్తగా పట్టుకుంటుందని ఆవిడ ఇన్నేళ్ళూ చెప్పిందంతా నిజం. నేను గెంతుతూ తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

ఆవిడ ఒక్కొక్కటీ చూసి బోర్లించారు. ఆఖరిది బోర్లించి, "ఇవి నేను తీసినవి కావు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. తీసి మళ్ళీ చూశాను. అప్పుడు కనిపించింది. దర్జీ ఒక మూలకి ఒదిగిపోయాడు. రెండో పక్క ఖాళీ గోడ బోసిగా ఉంది. ఒకదాంట్లో మోచెయ్యి సగానికి తెగింది. ఇంకోదాంట్లో కుర్చీ వీపు ఆయన తలలోంచి మొలిచినట్టుంది. కొత్తగా కెమెరా కొనుక్కున్న ఎవరైనా ఇలాగే తీస్తారు. ఆవిడ తీయరు.

"నా కన్ను పోయింది అమ్మాయ్. కాలు పోయిందనుకున్నాను, కన్నే పోయింది. ఇంక ఆ పెద్ద కెమెరా ఎవరికిస్తారో ఇచ్చెయ్యండి. వాడు గొంతు తగ్గించినా నాకు వినబడిందిలే, వాడు చెప్పింది నిజమే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చాల్లెండి అత్తయ్యా! గొట్టం రెండుసార్లు చేశాను. లెన్సు బాగుంది, ఫిల్ము బాగుంది, అంతా బాగుంటే మీరే చేతులెత్తేస్తే ఎలా? నాకు గది ఇచ్చినప్పుడు చుట్టాలందరూ నవ్వితే మీరు వెనక్కి తగ్గారా?"

"అది వేరు."

"ఏం వేరు? నేనిక్కడ నా పని చేసుకుంటూ నాలా బతుకుతున్నానంటే మీ వల్ల. మీరు మాత్రం మీ పని వదిలేసి కిటికీ దగ్గర కూర్చుంటారా? నేను చూడలేను." చెబుతుంటేనే ఏడుపొచ్చేసింది. కోడలు అత్తగారి మీద అరిచి తనే ఏడవడం ఆ వీధిలో అంతకుముందు జరిగి ఉండదు.

ఆవిడ ఒళ్ళో ప్రింట్లని సర్దుకున్నారు. తర్వాత చిన్నగా, ఎవరికీ చెప్పుకోలేని సంగతి చెబుతున్నట్టు అన్నారు. "ఆ గాజు తెరలో చూస్తే మనిషి తిన్నగా కూర్చుని నన్నే చూస్తుంటాడే. నాకు పలకరించాలనిపిస్తుంది గానీ ఫోటో తీయాలనిపించదు. ఆ ముఖం తప్ప ఇంకేమీ కనబడదు. చేతులెక్కడున్నాయో, కుర్చీ ఎక్కడుందో, వెలుగు ఎక్కడ పడుతోందో ఏదీ కనబడదు."

అంటూనే ఆవిడ ఒక ప్రింటు తీసి, అలవాటుగా తలకిందులు చేసి పట్టుకున్నారు. "ఇదిగో, ఇప్పుడు చూడు. ఈ మూలంతా ఖాళీ. కుర్చీ ఇంత ఇటు జరిపి ఉండాల్సింది" అన్నారు, మామూలు గొంతుతో.

నేను నోరు తెరిచాను. పెద్ద కెమెరా గాజు పలక మీద బొమ్మ ఎప్పుడూ తలకిందులుగానే పడుతుంది. తల కిందికి, కాళ్ళు పైకి, ఎడమ కుడి తారుమారు. ఆవిడ నల్లగుడ్డ కింద జీవితమంతా మనుషుల్ని అలాగే చూశారు. ప్రింట్లు సరిచూసుకునేది కూడా తలకిందులు చేసే. మామగారి కెమెరా తెర మీద బొమ్మని లోపలి అద్దం తిరగేసి తిన్నగా నిలబెడుతుంది. మామూలు మనుషులకి అది సౌకర్యం. ఆవిడకి అదే అడ్డం వచ్చింది. పోయింది కన్ను కాదు.

"కదలకండి" అని చెప్పి ఇంట్లోకి పరుగెత్తాను. మా ఆయన గడ్డం సగం గీసుకుని ఉన్నాడు. ఆయన ముందు నుంచి అద్దం లాక్కున్నాను.

"ఇదేంటి, రెండో చెంప ఏం చెయ్యను?" అని వెనకనుంచి అరిచాడు.

"తడుముకుంటూ గీసుకోండి!"

లేతు మీద గొట్టం లోపలి భాగాన్ని చూడటానికి నేను చిన్న అద్దం వాలుగా పెట్టుకుంటాను. అందులో కింది గోడ పైకి కనిపిస్తుంది. చేతికి తెలిసిన ఆ సంగతి బుర్రకి ఇన్నాళ్ళూ తట్టలేదు. కెమెరా మూత తెరిచి, గాజు తెర పైన అద్దాన్ని ఏటవాలుగా, ఆవిడ వైపుకి వాల్చి పట్టుకున్నాను. "ఇప్పుడు కిందకి వంగకండి. ఎదురుగా, తిన్నగా అద్దంలోకి చూడండి."

ఆవిడ చూశారు. ఎదురుగా ఉన్నది ఖాళీ కుర్చీ. అద్దంలో ఆ కుర్చీ కాళ్ళు పైకెత్తి వేలాడుతోంది.

నాకు ఆవిడ ముఖం పక్కనుంచి కనిపిస్తోంది. మొదట ఏమీ లేదు. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. నల్లగుడ్డ లోంచి బయటికి వచ్చినప్పుడు ఆవిడకి ఉండే ముడి అది. "కుర్చీ ఎడమకాలు వెలుగులోకి వచ్చేసింది" అన్నారు. "ఆ తెర ముడతేంటి? ఇన్ని రోజులూ అలాగే ఉందా? ఈ ఇంట్లో ఎవరికీ కళ్ళు లేవా? ఒరేయ్, సగం గడ్డంతో నిలబడి చూస్తావేంటి, వెళ్ళి ఆ తెర లాగు!"

మా ఆయన నురగ మొహంతోనే పరుగెత్తి తెర లాగాడు. లాగుతూ నావైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు, నురగ కళ్ళల్లో పడిందన్నాడు.

రేకు ముక్క వంచి, అద్దానికి చట్రం చేసి, చుట్టూ వెలుగు పడకుండా నల్ల అట్ట కట్టి, కెమెరా మీద బిగించేసరికి సాయంత్రం వెలుగు కిటికీలోంచి వాలుగా వస్తోంది. ఆవిడకి అదే ఇష్టమైన వెలుగు. దర్జీని పిలుస్తానన్నాను.

"ఆయన వద్దు, ఆయన బొమ్మలు చూసీ చూసీ విసుగొచ్చింది. నువ్వు కూర్చో" అన్నారు.

నేనా? చేతుల నిండా నూనె, బట్టల మీద ఇనప రజను. ముఖమైనా కడుక్కొస్తానంటే వినలేదు. వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ అద్దంలోకి చూస్తూ, వేలితో గొట్టం కొంచెం కొంచెం జరుపుతూ, తన పని తాను చేసుకుపోతున్నారు. ఆ వేలు ఆగిన చోట నాకు తెలిసింది, ముఖం తేటపడిందని.

"గడ్డం దించు. చాలు. భుజాలు సమంగా పెట్టు."

పెట్టాననుకున్నాను.

"సమంగా అన్నాను. ఎడమది కిందకుంది. ఎత్తు."

ఎత్తబోయాను. మెడ నుంచి మోచేతి దాకా సూది గుచ్చినట్టయింది. ఎంత ఆపుకున్నా "అబ్బా" అన్నాను. ఆ నొప్పి చాలా రోజుల నుంచి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆవిడ మంచం మీద నుంచి లేవడమే మానేస్తారని నాకు తెలుసు.

ఆవిడ అద్దం మీంచి చూపు తిప్పలేదు. "ఎన్నాళ్ళ నుంచి?"

"అబ్బే, ఏదో మిషన్ పనిలో పట్టేసింది అత్తయ్యా."

"మిషన్ దగ్గర బలం పెట్టేది కుడిచెయ్యి. గోడకి ఇటుపక్క ఉన్నంత మాత్రాన నాకు తెలియదనుకున్నావా?" ఆవిడ గొంతు సన్నబడింది. "ఇది ఎడమది. నన్ను లేపేటప్పుడు నువ్వు ఆనుకోమని ఇచ్చేది ఎడమ భుజమే."

 రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ భుజం పట్టుకుని లేచిన మనిషికి కనబడనిది, నన్ను తలకిందులుగా చూడగానే కనబడింది. మళ్ళీ భుజం సరిచేసుకోబోయాను.

"వద్దు" అన్నారు. "ఎత్తకు. అది ఎలా ఉందో అలాగే ఉండనీ. నన్ను చూడు."

షట్టరు పడింది.

మర్నాడే నన్ను ఎముకల డాక్టరు దగ్గరికి తరిమారు. మా ఆయన డ్యూటీ మార్పించుకుని పొద్దుటిపూట ఇంట్లో ఉండేలా చేసుకున్నాడు. ఇప్పుడు ఆవిడని ఆయన లేపుతున్నాడు, తిట్లు కూడా ఆయనే తింటున్నాడు. ఆవిడ డార్క్‌రూమ్‌లో ఎత్తు బల్ల మీద కూర్చుని, నా చేత ప్రింటు వేయించారు. మూడుసార్లు చింపించి, నాలుగోది చాలన్నారు. దాన్ని తీసుకెళ్ళి స్టూడియో ముందు వీధిలోకి కనబడే అద్దాల పెట్టెలో, అందరికీ ఎదురుగా పెట్టించారు. నూనె చేతులతో, వాలిపోయిన భుజంతో, ఏడవబోయే ముఖంతో నేను. సిగ్గుతో చచ్చిపోయాను, తీసెయ్యమని బతిమాలాను. వినే మనిషైతే కదా.

ఆ వారమే మళ్ళీ జనం రావడం మొదలైంది. ఒకరోజు దర్జీ మళ్ళీ ఫోటో తీయించుకుందామని వచ్చి, ఆ పెట్టె ముందు నిలబడిపోయాడు. నేను లోపల లేతు దగ్గర, నూనె చేతులతో ఉన్నాను. ఆయన మాటలు వినిపిస్తున్నాయి.

"ఏంటి స్టూడియోమ్మా ఇది? మీరే తీశారా? ఎడమ భుజం అంత దిగిపోయింది. నేను ఇలాంటి కోటు కుడితే విప్పి మళ్ళీ కుట్టమంటారు జనం. కొంచెం ఎత్తమని చెప్పలేకపోయారా?"

"చెప్పాను" అన్నారు అత్తగారు. "ఎత్తలేకపోయింది. ఆ భుజం మీద ఉన్నది నేనే మరి."

దర్జీ గడప దగ్గర చెప్పులు విప్పిన చప్పుడు వినిపించింది. 

"సరే, వచ్చి కూర్చో. గడ్డం దించు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టావు, అది నీ చెయ్యేనా, అద్దెకి తెచ్చుకున్నావా?" అని మొదలుపెట్టారు ఆవిడ. కళ్ళు తుడుచుకుందామంటే నా చేతుల నిండా నూనె. అలాగే నిలబడి, ఆవిడ తిట్లన్నీ ఆఖరుదాకా విన్నాను.